అటకెక్కిన సముద్రం: సగంలో ఆగిన నీటి అడుగు అక్రిలిక్ బొమ్మను పూర్తి చేయడం

నీటి అడుగు దృశ్యాలు వేసేవాళ్ళ ఇంట్లో సగంలో ఆగిపోయిన కాన్వాస్ ఒకటైనా ఉంటుంది. అలాంటివి నాలుగైదు పక్కపక్కన నిలబెట్టి చూస్తే దాదాపు అన్నీ ఒకేచోట ఆగి ఉంటాయి. తాబేలు బాగానే కుదిరి ఉంటుంది. చేపల పొలుసులు లెక్కపెట్టి మరీ వేసి ఉంటారు. వెనక నీలం మాత్రం గోడకు సున్నం కొట్టినట్టు ఉంటుంది. చేపలు నీళ్ళలో ఉన్నట్టు అనిపించవు, నీలం అట్ట మీద అంటించిన స్టిక్కర్లలా ఉంటాయి. ఏం తక్కువైందో అంతుపట్టక ఇంకో చేప, ఇంకో పగడం వేసి, చివరికి విసుగొచ్చి అటకెక్కిస్తారు.

తక్కువైంది చేప కాదు, నీరు. నేల మీద దృశ్యంలో ఆకాశం వెనకాల ఉంటుంది. సముద్రంలో నీరు వెనకాలా ఉంటుంది, మన కంటికీ తాబేలుకీ మధ్యనా ఉంటుంది. ఆ మధ్యనున్న నీటిని ఎవరూ వేయరు. దాన్ని పల్చటి పొరలుగా వేస్తే పాత బొమ్మకు ప్రాణం వస్తుంది. ఏళ్ళ క్రితం కలిపిన రంగుకూ ఇవాళ కలిపిన రంగుకూ ఉండే తేడా కూడా ఆ పొరల కిందే సర్దుకుంటుంది.

ఉదాహరణకు 18×24 అంగుళాల కాటన్ కాన్వాస్ తీసుకుందాం. మధ్యలో ఆలివ్ రిడ్లే తాబేలు, దూరంగా కవళ్ళ చేపల గుంపు, అడుగున రాళ్ళు.

ముందు అది ఏ రంగో తేల్చుకోండి

పాత కాన్వాస్ మీద ఏ రంగు వాడారో గుర్తుండకపోవచ్చు. బొమ్మ అంచున, ఫ్రేములో దాగిపోయే చోట పరీక్షించండి. మొదట తడి ఇయర్‌బడ్‌తో పది సెకన్లు రుద్దండి. రంగు ఊడివస్తే అది పోస్టర్ కలర్. దాని మీద అక్రిలిక్ నీళ్ళతో వేస్తే కింది రంగు లేచి బురదవుతుంది. రాకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో రుద్దండి. అక్రిలిక్ అయితే మెత్తబడి, జిగురుగా దూదికి అంటుతుంది. బాగా ఆరిన పాత ఆయిల్ రంగు అంత తేలిగ్గా రాదు.

ఆయిల్ అని తేలితే అక్రిలిక్ డబ్బా మూసేయండి. ఆయిల్ మీద అక్రిలిక్ పట్టుకోదు, కొన్నాళ్ళకు పొరలు పొరలుగా లేచిపోతుంది. ఆ బొమ్మను ఆయిల్‌తోనే ముగించాలి. అక్రిలిక్ మీద ఆయిల్ వేయడం పర్వాలేదు, తిరగేస్తేనే తంటా.

దులపడం, బిగించడం

ముందు మెత్తటి పొడి కుంచెతో పైనుంచి కిందికి దులపండి. తర్వాత నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన దూదితో చిన్న చిన్న గళ్ళుగా అద్దండి. దూది మురికైన ప్రతిసారీ మార్చాలి, లేకపోతే ఇక్కడి మురికి అక్కడికి చేరుతుంది. బూజు ఉంటే మాస్కు పెట్టుకుని ఆరుబయట, అది పూర్తిగా ఎండాకే దులపండి. తడి బూజును తుడిస్తే నేతలోకి ఇంకిపోతుంది. స్పిరిట్‌తో తుడవమని కొందరు చెబుతారు. ఇందాకటి పరీక్షలో ఆల్కహాల్ రంగును ఎలా కరిగించిందో చూశారు కదా, ఆ పని రంగు వేసిన వైపు చేయకండి.

మన ఎండలకు అక్రిలిక్ పొర మెత్తబడుతుంది. రెండు కాన్వాసులు ఎదురెదురుగా ఆనించి ఉంచితే అతుక్కుపోతాయి. అలా అతుక్కుని ఉంటే లాగకండి. కాసేపు ఏసీ గదిలో చల్లబరిచి, అంచు నుంచి మెల్లగా విడదీయండి. ఊడిన చోట గెస్సో (రంగు బాగా పట్టడానికి ముందుగా పూసే తెల్లటి పూత) పల్చగా రెండు పూతలు వేసి, ఆరాక 400 నంబరు నీటి ఉప్పుకాగితంతో తడిగా రుద్దితే సమమవుతుంది.

కాన్వాస్ వదులైతే వెనకవైపు నీళ్ళు సన్నగా పిచికారీ చేసి, పడుకోబెట్టి ఆరనివ్వండి. కాటన్ కాస్త ముడుచుకుని బిగుస్తుంది. చాలకపోతే చట్రం మూలల్లోని చెక్క సీలలను ఒక్కో దెబ్బ చొప్పున నాలుగు మూలలా సమానంగా కొట్టండి. సొట్టలకూ వెనక నీళ్ళు పిచికారీ చేయడమే మందు.

ఇక పాత ట్యూబులు. అడుగున రబ్బరులా బిగిసిన అక్రిలిక్‌ను నీళ్ళు పోసి బతికించలేం. పుల్లటి వాసన వచ్చేదాన్నీ పారేయండి. పైన నీరు తేలి కింద ముద్ద మెత్తగా ఉంటే మాత్రం కలిపి వాడుకోవచ్చు.

ఎంత లోతు, ఏ సముద్రం?

బొమ్మ ఆగిపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. వేసినవాళ్ళు లోతు నిర్ణయించుకోలేదు. నీరు తెల్లటి వెలుగులోంచి మొదట ఎరుపును మింగేస్తుంది. తేటనీటిలో 5 మీటర్లకే ఎరుపు చాలావరకు పోతుంది. 10 మీటర్లకు నారింజ, 20 మీటర్ల దరిదాపుల్లో పసుపు వెనకబడతాయి. చివరిదాకా మిగిలేది నీలం. చాలామంది మరచిపోయే లెక్క ఇంకొకటుంది. ఈ దూరం కిందికే కాదు, అడ్డంగా కూడా కలుస్తుంది. తాబేలు 5 మీటర్ల లోతులో ఉండి మీకు 5 మీటర్ల దూరంలో ఉంటే, వెలుగు మొత్తం 10 మీటర్ల నీరు దాటి మీ కంటిని చేరుతుంది.

అలాంటప్పుడు ఫోటోల్లో 20 మీటర్ల లోతున ఎర్ర పగడం ఎలా మెరుస్తుంది? కెమెరా ఫ్లాష్ వల్ల. ఫ్లాష్ పడిన ఫోటో చూసి పగడాన్నీ, ఫ్లాష్ లేని ఫోటో చూసి నీటినీ వేస్తే రెండు వేర్వేరు సముద్రాలు ఒకే కాన్వాస్ మీద పోట్లాడుకుంటాయి. ఫ్లాష్ లేకుండా ఆ లోతున ఎర్రచేప నల్లటి గోధుమరంగులో ఉంటుంది.

నీటి రంగు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. లక్షద్వీప్, అండమాన్ దగ్గర తేట నీలం. విశాఖ తీరానికి దగ్గరగా, రుషికొండ, భీమిలి వైపు నీరు ఎక్కువగా పచ్చదనం తిరిగి ఉంటుంది. నీటిలో తేలే సూక్ష్మ మొక్కల పత్రహరితం నీలాన్నీ ఎరుపునూ తాగేసి పచ్చను వదులుతుంది. ఒండ్రు దానికి పసుపును కలుపుతుంది. ఆలివ్ రిడ్లేలు జనవరి నుంచి మార్చి మధ్య గుడ్లు పెట్టడానికి వచ్చేది ఈ తీరానికే. మన తీరపు తాబేలును వేస్తూ మాల్దీవుల పోస్ట్‌కార్డు నీలం పూయడం నేరమేమీ కాదు గానీ, ఆకుపచ్చ బూడిద నీటిలో అది మరింత నిజంగా కనిపిస్తుంది.

మన బొమ్మకు లోతు 6 మీటర్లు, మధ్యాహ్నపు ఎండ, కాస్త పచ్చనీరు అనుకుందాం. ఈ ముక్క కాన్వాస్ వెనక పెన్సిల్‌తో రాసుకోండి. మళ్ళీ ఆరు నెలలు ఆగినా దారి తప్పరు.

రంగులు, కొలతలు

ఎనిమిది రంగులు చాలు: టైటానియం వైట్, థాలో బ్లూ, థాలో గ్రీన్, అల్ట్రామెరైన్, ఎల్లో ఓకర్, రా అంబర్, బర్న్ట్ అంబర్, లెమన్ ఎల్లో. నలుపు వద్దు. అల్ట్రామెరైన్, బర్న్ట్ అంబర్ సమానంగా కలిపితే వచ్చే ముదురు రంగు, నలుపుకన్నా లోతుగా ఉంటుంది. కేమెల్ లాంటి మామూలు ట్యూబులు సరిపోతాయి. థాలో రంగులు, తెలుపు మాత్రం ఆర్టిస్ట్ గ్రేడువి కొనండి. పొరల పని అంతా వాటి మీదే.

థాలోతో జాగ్రత్త. ఇది చాలా బలమైన రంగు. తెలుపు 20 పాళ్ళకు ఒక్క పాలు కలిపినా నిండు నీలం వస్తుంది. ఎప్పుడూ తెలుపులోకి థాలోను నలుసంత చొప్పున చేర్చండి. తిరగేస్తే రంగు సరిచేసుకోవడానికే తెలుపు డబ్బా ఖాళీ అవుతుంది.

ఈ సైజుకు ఒక పూతకు 35 నుంచి 40 మిల్లీలీటర్ల రంగు పడుతుంది. రెండు పూతలకు సరిపడా నాలుగు ముద్దలు ఒకేసారి కలిపి మూత డబ్బాల్లో పెట్టండి. మధ్యలో అయిపోతే అదే రంగు మళ్ళీ రాదు.

ఉపరితలం దగ్గరికి: తెలుపు 10 పాళ్ళు, థాలో గ్రీన్ అర పాలు, లెమన్ ఎల్లో అర పాలు.
దాని కింద: తెలుపు 5, థాలో బ్లూ అర, థాలో గ్రీన్ అర, ఓకర్ అర.
ఇంకా కిందికి: తెలుపు 1, థాలో బ్లూ 1, థాలో గ్రీన్ 1, రా అంబర్ 1.
అట్టడుగున, మూలల్లో: అల్ట్రామెరైన్ 2, థాలో గ్రీన్ 1, బర్న్ట్ అంబర్ 1.

తేట నీలం సముద్రం కావాలంటే ఓకర్, రా అంబర్ తీసేసి ఆ చోట అల్ట్రామెరైన్ వేయండి.

అక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. తడిగా ఉన్నప్పుడు అందులోని బంక పాలలా తెల్లగా ఉండి, ఆరాక పారదర్శకమవుతుంది కాబట్టి. ప్రతి ముద్దనూ ఒక కాగితం మీద పూసి, హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టి చూసుకున్నాకే కాన్వాస్ మీదికి వెళ్ళండి.

నీటిని మళ్ళీ పరచడం

ఫ్యాన్ ఆపేయండి. వేసవిలో ఫ్యాన్ కింద రంగు నాలుగైదు నిమిషాల్లో అట్టకడుతుంది. ఆరడం ఆలస్యం చేసే రిటార్డర్ వాడితే రంగులో 15 శాతం దాటనివ్వకండి. ఎక్కువైతే రోజులు గడిచినా జిగట పోదు. పాలెట్‌కు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. మిఠాయిల ప్లాస్టిక్ డబ్బాలో తడి నూలుగుడ్డ పరిచి, పైన ట్రేసింగ్ పేపర్ వేసి రంగులు పెట్టుకుంటే రాత్రి మూత పెట్టి పొద్దున మళ్ళీ వాడుకోవచ్చు. మైనం పూసిన కాగితం మాత్రం పనికిరాదు, తడిని పైకి రానివ్వదు.

కాన్వాస్‌ను సన్నగా తడిపి, రెండంగుళాల సింథటిక్ చదును కుంచెతో పైనుంచి అడ్డంగా వేస్తూ దిగండి. రెండు ముద్దలు కలిసే చోట రంగులు తడిగా ఉండగానే, పొడిగా ఉన్న మెత్తటి వెడల్పు కుంచెతో ఇంటూ గుర్తుల్లా తేలిగ్గా తడమండి. కుంచె బరువు తప్ప మీ చేతి బరువు పడకూడదు. అట్టకట్టడం మొదలైతే ఆపేయండి. సగం ఆరిన రంగును కెలికితే కింది పొర పెచ్చులుగా లేస్తుంది. పూర్తిగా ఆరాక రెండో పూతతో చారలు సర్దుకుంటాయి.

తాబేలు ఉన్నచోట అంచు చుట్టూ జాగ్రత్తగా కోసినట్టు వేయకండి. స్టిక్కర్ పోలిక పుట్టేది అక్కడే. నీటి రంగును తాబేలు అంచు మీదికి రెండు మూడు మిల్లీమీటర్లు రానివ్వండి. మనకు దూరంగా ఉన్న వెనక కాళ్ళ దగ్గర ఇంకాస్త ఎక్కువ. తర్వాత మనకు దగ్గరున్న తలనూ ముందు కాలునూ మాత్రమే గట్టి అంచుతో తిరిగి వేయండి.

పైభాగంలో చాలామంది ఆకాశం వేసేస్తారు. నీటిలోంచి పైకి చూస్తే బయటి లోకమంతా దాదాపు 97 డిగ్రీల వెడల్పున్న ఒక గుండ్రటి కిటికీలో ఇమిడిపోతుంది. దాని బయట నీటి పైపొర అద్దంలా మారి అడుగునే చూపిస్తుంది. మీరు ఎదురుగా చూస్తున్న దృశ్యం వేస్తుంటే ఆ కిటికీ ఫ్రేములోకి రాదు. పైన కనిపించేది అలలు అలలుగా వంగిన అద్దం. నీటి రంగే, అక్కడక్కడ తెల్లటి మెరుపు ముక్కలతో.

రెండు రకాల పొరలు

ఈ పనంతటికీ కీలకం ఇక్కడుంది. నీరు రెండు పనులు చేస్తుంది. రంగును వడకడుతుంది, తనలో చెదిరిన వెలుగుతో దూరాన్ని మసక చేస్తుంది. రెంటికీ ఒకే పొర చాలదు.

వడకట్టే పొరకు గ్లేజింగ్ మీడియం (రంగును పల్చబరిచే పారదర్శకమైన అక్రిలిక్ బంక) 15 పాళ్ళలో థాలో గ్రీన్ అర, థాలో బ్లూ అర కలపండి. తెలుపు ఉండకూడదు. ఇది ఎరుపు, గోధుమ రంగులను చల్లబరుస్తుంది. మొత్తం బొమ్మ మీద ఒక్క పూత, అంతే. పాత రంగూ కొత్త రంగూ కలిసిపోయేది ఇక్కడే.

మసక పొరకు మీడియం 8 పాళ్ళు, పైన కలిపిన రెండో ముద్ద 1 పాలు. ఇందులో తెలుపు ఉంది, ఉండాలి. దూరంలో నీడలు నల్లగా ఉండవు, తేలిపోతాయి. తెలుపు లేని గ్లేజ్ ఎన్ని పూతలు వేసినా బొమ్మ ముదురుతుందే గానీ దూరం రాదు. దగ్గరి తాబేలు తలకు ఈ పొర వద్దు. దాని వెనక కాళ్ళకు ఒక పూత, మధ్య దూరపు రాళ్ళకు రెండు, వెనక చేపల గుంపుకు మూడు నాలుగు. ప్రతి పూతా పూర్తిగా ఆరాలి. అంచులు ఆరకముందే తడి గుడ్డతో తుడిచి కలిపేయాలి.

మీడియం ఆదా చేద్దామని నీళ్ళు పోయకండి. నీళ్ళు మితిమీరితే బంక పల్చబడి రంగు పొడిలా నిలుస్తుంది, పై పూత వేసేటప్పుడు ఊడుతుంది.

తాబేలు ఏదో తెలియాలి

గూగుల్‌లో దొరికే సముద్ర తాబేళ్ళ ఫోటోల్లో చాలావాటిది వేరే జాతి, గ్రీన్ టర్టిల్. దాన్ని చూసి వేసి ఆలివ్ రిడ్లే అని పేరు పెడితే తెలిసినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు. గ్రీన్ టర్టిల్ డిప్ప మీద వెన్ను వరసకు అటూ ఇటూ నాలుగేసి పలకలు, కళ్ళ మధ్య ఒక జత పొడవాటి పొలుసులు ఉంటాయి. ఆలివ్ రిడ్లేకు పక్క పలకలు సాధారణంగా ఆరు, అంతకన్నా ఎక్కువ. కుడి ఎడమల లెక్క సమానంగా ఉండకపోవచ్చు కూడా. కళ్ళ మధ్య రెండు జతల పొలుసులు. డిప్ప దాదాపు గుండ్రం. పాత బొమ్మలో పలకలు నాలుగే ఉంటే సందు లేనిచోట ఇరికించకండి. 220 నంబరు ఉప్పుకాగితంతో తడిగా రుద్ది, గెస్సో వేసి, డిప్పను మళ్ళీ గీయండి. రుద్దకుండా వేస్తే పాత గీతల గట్లు పక్కవెలుగులో తేలి కనిపిస్తాయి.

రంగుకు రా అంబర్ 2, థాలో గ్రీన్ పావు, తెలుపు 1. నీడకు అల్ట్రామెరైన్, బర్న్ట్ అంబర్. పొట్ట మీగడ రంగే అయినా నీటిలో మీగడలా వేయకండి. వెలుగు పైనుంచి వస్తుంది కాబట్టి పొట్ట నీడలో ఉంటుంది, కింది నీటి రంగును అద్దుకుంటుంది. రెండో ముద్దలో కాస్త అంబర్ వేస్తే సరిపోతుంది.

ఎండ కిరణాలు, వెలుగు వల

కిరణాలన్నీ ఒకే బిందువు నుంచి విచ్చుకోవాలి. కాన్వాస్ పై అంచుకు ఒక అడుగు ఎత్తున ఈజిల్‌కు చిన్న మేకు కొట్టి దారం కట్టండి. దాన్ని లాగిపట్టి సుద్దపెన్సిల్‌తో గీతలు గీసుకుంటే తప్పు జరగదు. మీడియం 10, తెలుపు 1, లెమన్ ఎల్లో నలుసంత. కుంచెను గుడ్డకు తుడిచి దాదాపు పొడిగా చేసి లాగండి. అయిదారు కిరణాలు చాలు, వెడల్పులు వేర్వేరుగా. కాన్వాస్‌లో మూడింట రెండు వంతులు దిగేసరికి కరిగిపోవాలి. తాబేలు అడ్డొచ్చిన కిరణం దాని కింద కొనసాగకూడదు. అక్కడ ముదురు చార పడుతుంది. ఈ ఒక్క చార తాబేలును నీళ్ళలో నిలబెడుతుంది.

తక్కువ లోతులో తాబేలు వీపు మీద వెలుగు వల ఆడుతుంది. పైన అలలు భూతద్దాల్లా పనిచేసి వెలుగును గీతలుగా కూడగట్టడమే దానికి కారణం. ఒకటో నంబరు లైనర్ కుంచెతో, డిప్ప వంపును అనుసరిస్తూ, పైకి చూసే భాగాల మీదే వేయండి. గీతలు కలిసేచోట లావుగా, ప్రకాశంగా. మధ్యలో సన్నగిల్లి తెగిపోవాలి. వల కన్నులన్నీ ఒకే సైజులో ఉంటే కోళ్ళగూటి జాలీ అవుతుంది. మరీ తెల్లగా అనిపిస్తే ఆరాక పైన వడకట్టే పొర ఒకటి.

చేపల గుంపు

వెనకున్న కవళ్ళకు కళ్ళూ పొలుసులూ అక్కర్లేదు. మూడో ముద్దలో కాస్త తెలుపు కలిపి ఆకుల్లాంటి మచ్చలుగా వేయండి. అన్నీ ఒకే వైపు, కానీ ఒకే కోణంలో కాదు. వెండి పొట్టలు అద్దాల్లా పనిచేస్తాయి. పక్కకు వాలిన పదిలో ఒకటి మాత్రమే ఎండను పట్టి తళుక్కుమంటుంది. అన్నింటికీ తెల్లగీత పెడితే మెరుపే ఉండదు. పాత బొమ్మలో చేపలు మరీ వివరంగా ఉంటే చెరపనక్కర్లేదు, మసక పొర ఇంకో రెండు పూతలు వేస్తే వెనక్కి వెళ్ళిపోతాయి.

బుడగలు వేయాలనే మోజు అందరికీ ఉంటుంది. తాబేలు నీటి లోపల శ్వాస తీసుకోదు, డైవర్‌లా బుడగల ధార వదలదు. రెండో మూడో ఉంటే చాలు, లేకపోయినా ఏమీ కాదు. నీటిలో తేలే నలుసుల కోసం పాత టూత్‌బ్రష్‌తో పల్చటి తెలుపును ఒకసారి చిలకరించండి. తాబేలు మొహం మీద పడకుండా కాగితం అడ్డుపెట్టండి.

ఎప్పుడు ఆపాలి, వార్నిష్

ఫోన్‌తో ఫోటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అన్నింటికన్నా ముదురు, అన్నింటికన్నా లేత రెండూ తాబేలు తల దగ్గరే ఉంటే పని అయినట్టే. వెనక ఎక్కడో ఉంటే అక్కడ మసక పొర ఇంకొకటి. అంతకుమించి కొత్త చేప వద్దు.

బొమ్మను రెండు వారాలు ఆరనివ్వండి. తర్వాత గ్లాసీ సాఫ్ట్ జెల్ (మెరుపుగా, పారదర్శకంగా ఆరే అక్రిలిక్ జెల్) 2 పాళ్ళు, నీళ్ళు 1 పాలు కలిపి ఒక పూత వేయండి. ఎప్పుడైనా వార్నిష్ మార్చాల్సివస్తే రంగు జోలికి పోకుండా ఇది అడ్డు నిలుస్తుంది. ఒక రోజు ఆగి వార్నిష్. మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ వేస్తే కష్టపడి తెచ్చిన లోతంతా బూడిదపట్టినట్టవుతుంది. సముద్రానికి గ్లాసీ (బాగా మెరిసేది) గానీ సాటిన్ (కాస్త మెరిసేది) గానీ బాగుంటుంది. ముసురు పట్టిన రోజుల్లో వేయకండి, గాలిలో తేమ ఎక్కువైతే పాలవిరుగుడులా తెల్లమచ్చలు వస్తాయి.

కుంచెలు కడిగిన నీళ్ళు సింకులో పారబోయకండి, అందులో ఉన్నది ప్లాస్టిక్. బకెట్‌లో రెండు రోజులు తేర్చి, పైనీరు వంపేసి, అడుగున మిగిలిన ముద్దను పాత పేపరులో చుట్టి చెత్తలో వేయండి. కాన్వాస్ వెనక మొదలుపెట్టిన తేదీ, పూర్తి చేసిన తేదీ రెండూ రాయండి. వాడిన వార్నిష్ పేరు కూడా.